పునీతుల యవశేషములు అమ్మదగినవా?

గడచిన మాసమున నొకనాడు బడి వదలిన పిమ్మట ఒక బాలుడు నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, పునీతుని యెముకను పైకమిచ్చి కొనవచ్చునా?” అని యడిగెను. అంతర్జాలపు టంగడిలో అట్టి వస్తువు వెలతోగూడ చూపబడుటను అతడు కన్నులార చూచెనట. ప్రశ్న చిన్నదేగాని, దానికి తగిన యుత్తరము చెప్పుట పెద్దల విధి.

వేదసాక్షుల యస్థులను భక్తితో భద్రపరచుట క్రైస్తవులలో మిక్కిలి ప్రాచీనమైన యాచారము. ఆ గౌరవము ఎముకకు గాక, ఆ దేహముతో దేవుని సేవించిన మహనీయులకు చెందును. అయినను భక్తి యున్నచోటికి వర్తకుడును వచ్చి చేరెను. 386వ సంవత్సరమందే థియొడోషియస్ చక్రవర్తి వేదసాక్షుల దేహములతో వ్యాపారము చేయరాదని శాసించెను. 1215లో నాలుగవ లాటరన్ మహాసభ అవశేషములను విక్రయమునకు పెట్టరాదనెను. 1563లో ట్రెంటు మహాసభ పీఠాధిపతి పరీక్షించి యంగీకరింపనిదే క్రొత్త యవశేషములను స్వీకరింపరాదని విధించెను. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రమందలి 1190వ సూత్రమును అమ్మకమును బొత్తిగా నిషేధించుచున్నది. ఒకే యాజ్ఞను పదునారు శతాబ్దములుగా మరల మరల చెప్పవలసివచ్చినదనగా, రోగ మింకను కుదురలేదని యర్థము గదా!

“ముద్రయు పత్రమును ఉన్నవి గదా, యింక సందేహమేల?” అని కొందరందురు. ముద్ర వేసిన చేయి ఎవరిదో యెరుగక ముద్రను నమ్ముట యెట్లు? 1867లో పారిస్ నగరమున ఒక మందుల దుకాణపు టటుకమీద నొక సీసా దొరకెను. 1431లో దహింపబడిన జోన్ ఆఫ్ ఆర్క్ యొక్క యవశేషము లందున్నవని దానిపై వ్రాసియుండెను. 2007లో ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ షార్లియే మొదలగువారు పరీక్షింపగా, అవి ప్రాచీన ఈజిప్టు దేశపు మమ్మీ తునుక యనియు, పిల్లి యెముక యనియు తేలెను. దీనివలన జోన్ కీర్తికి లోపమేమియు కలుగలేదు. ఆమె ధైర్యము ఆ సీసాలో నున్నది కాదు. కావున సత్యపరీక్షకు భక్తుడు భయపడ నక్కరలేదు.

మరికొందరు, “అవమానము పాలగుచున్న యవశేషమును పైకమిచ్చి విడిపించుట పుణ్యము కాదా?” అని యడుగుదురు. వారి తలంపు మంచిదే. కాని యొకటి కొన్నచో, అమ్మువాడు రెండవదానిని వెదకును. నిజమైనది దొరకనప్పుడు కల్పించును. ఈ బేరమును పోషించునది దుష్టుని యాశ మాత్రమే గాదు, మంచివాని తొందరపాటును గూడ. అట్టి వస్తువు కంటబడినచో విచారణగురువులకు తెలుపవలెను. వారు పీఠాధిపతులకు విన్నవింతురు. పెద్దలనుండి సంక్రమించినది యింట నున్నచో, వెల యడుగక దేవాలయమున కొప్పగింపవలెను.

విద్యార్థులారా! గౌరవము నిజమైనదైనచో రెండు లక్షణము లుండును: అది సత్యమునకు వెరవదు, వెలకు లొంగదు. ఆ బాలునితో నేను, “కొనరాదు నాయనా. నీయొద్ద పైకమున్నచో బీదవాని కన్నము పెట్టుము. పునీతులు తమ చేతులతో చేసిన పని యదియే” అని చెప్పి పంపితిని.