టైమింగు బెల్టును గూర్చి రైతులకొక మాట

సంఘ సభ్యులగు రైతు సోదరులకు ఈ మాసమున విన్నవింపదలచినది ఎరువును గూర్చియు కాదు, విత్తనమును గూర్చియు కాదు. మనలో పలువురు అప్పుచేసి కొనిన బండ్లలో కంటికి కానరాక తిరుగుచుండు ఒక రబ్బరు బెల్టును గూర్చి.

గడచిన మిరప కోతల కాలమున ఒకనాటి వేకువను చిలకలూరిపేట సమీపమున పెద్దబాట ప్రక్క చిన్న సరకుల బండి యొకటి నిలిచియుండుట చూచితిని. దానినిండ మిరప టిక్కీలుండెను. గుంటూరు యార్డునకు పోవుచుండగా ఇంజను ఉన్నపాటున ఆగిపోయినదట. రైతు మాటిమాటికి తాళపుచెవి త్రిప్పుచుండెను. స్టార్టరు ఎన్నడును లేనంత తేలికగా గిరగిర తిరుగుచున్నదేగాని ఇంజను అందుకొనకుండెను. బెల్టు తెగినదేమోయని నేననగా, "నిరుడే క్రొత్త బెల్టు వేయించితిని గదా, అయ్యా!" యని యతడు బదులు చెప్పెను. మరమ్మతు శాలలో విప్పి చూడగా నిరుడు మార్చినది ఫ్యాను బెల్టు, తెగినది టైమింగు బెల్టు. వాల్వులు వంగిపోయియుండెను. సరకును వేరొక బండికెత్తి రెండవ బాడుగ ఇచ్చుకొనవలసివచ్చెను. బండి బాగుపడునప్పటికి కోతలు సగము ముగిసెను. వాయిదా సొమ్ము నిలిచిపోయెను.

ఈ రెండు బెల్టులకును గల భేదము తెలియకపోవుటయే ఇంత నష్టమునకు మూలము. ఫ్యాను బెల్టు ఇంజను ముందు బాహాటముగా కనబడును. అది తెగిన దీపము వెలుగును, ఇంజను కాగును. వెంటనే ఆపినచో ప్రమాదము తప్పును. టైమింగు బెల్టు మూతవెనుక దాగియుండును. అది పండ్లుగల రబ్బరు బెల్టు. పిస్టనులను నడపు క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి, వాల్వులను తెరచి మూయు క్యాము షాఫ్టు సరిగా ఒక చుట్టు తిరుగునట్లు చూచుట దాని పని. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క వాల్వు క్షణమునకు 25 మారులు తెరచుకొనును. డీజిలు ఇంజను గాలిని 16వ వంతు మొదలు 22వ వంతు వరకు అదుమును గావున, పిస్టను పైకి వచ్చునప్పుడు తెరచిన వాల్వునకు అచట చోటుండదు. బెల్టు తెగినంతనే క్యాము షాఫ్టు నిలిచిపోవును. పిస్టనులు వచ్చి తెరచియున్న వాల్వులను కొట్టును. కొన్ని పెట్రోలు ఇంజనులలో చోటు మిగులుటచే నష్టము తప్పవచ్చును. డీజిలునందు అట్టి ఆశ వలదు.

పూర్వపు అంబాసిడరు కారున ఈ పనికి ఇనుప గొలుసుండెడిది. గొలుసు అరిగిన చప్పుడు చేసి హెచ్చరించును. మన ట్రాక్టరులలో చాలవాటికి పండ్ల చక్రములే గలవు. 1962 ప్రాంతమున జర్మనీ దేశమున గ్లాస్ అను సంస్థ తన కారునకు రబ్బరు బెల్టు పెట్టినది మొదలు ఈ పద్ధతి వ్యాపించెను. 1998లో వెలువడిన ఇండికా డీజిలు కారునందును, 2005లో వెలువడిన తొలి టాటా ఏస్ బండియందును ఉన్నవి బెల్టులే. బెల్టు చప్పుడు చేయదు, నూనె కోరదు. తెగువరకు తన సంగతి చెప్పదు. ఇదియే దాని గుణమును, దోషమును.

"నడచుచున్న బండిని విప్పించుట మెకానిక్కునకు లాభమేగాని మనకేమి?" యని కొందరందురు. ఆ సందేహము నిష్కారణము కాదు. కాని ఇచట ప్రమాణము మెకానిక్కు మాట కాదు, బండితో వచ్చిన పుస్తకము. అందు ఇన్ని కిలోమీటరులకు, లేక ఇన్ని సంవత్సరములకు మార్పవలయునని వ్రాసియుండును. రెంటిలో ఏది ముందు వచ్చిన అదియే గడువు. తక్కువ తిరిగిన బండి రబ్బరు కూడ ఏండ్లు గడచిన పెళుసెక్కును. మన ఎండయు, దుమ్మును, కారిన ఇంజను ఆయిలును దాని ఆయువును ఇంకను తగ్గించును. పైకి నున్నగా కనబడినంత మాత్రమున బాగున్నదని నమ్మరాదు. బెల్టుతోకూడ దానిని బిగించు చక్రమును మార్పింపవలయును. అరిగిన చక్రము బిగుసుకొనిన క్రొత్త బెల్టును సైతము తెంచును.

నా అభిప్రాయమేమన, ఈ భారమును రైతు ఒక్కనిపై విడువరాదు. బండికి అప్పిచ్చు సంఘము ఆ ఖాతాలోనే బెల్టు మార్చిన తేదిని, నాటి కిలోమీటరులను వ్రాయించి, గడువునకు ముందు సభ్యునకు తెలియజేయవలయును. పంట భీమాను గూర్చి విచారించు మనము అప్పు తీర్చు బండిని గూర్చి విచారింపకుండుట ఏమి న్యాయము? పాత బండి కొనువారు అమ్మువాని మాటను గాక రసీదును చూడవలయును. రసీదు లేనిచో బెల్టు పాతదేయని యెంచి మొదటనే మార్పించుట మేలు. ఈ పనికి వేసవిలో యార్డు మూసియుండు దినములు అనుకూలములు.

ఒకవేళ దారిలో ఇంజను హఠాత్తుగా ఆగి, స్టార్టరు మునుపటికన్న తేలికగా తిరిగినయెడల మరల త్రిప్పవలదు, బండిని త్రోయించి పట్టింప ప్రయత్నింపవలదు. ప్రతి చుట్టును మరియొక వాల్వును వంచవచ్చును. లాగించుకొని పోవునప్పుడు గేరు వేయక ఉంచవలయును.

కాడి మోకు తెగువరకు మన తాతలు వేచియుండలేదు. ఏరువాకకు ముందే మోకు పరీక్షించి, పాతదానిని తీసి క్రొత్తది కట్టెడివారు. ఆ జాగ్రత్తనే మనమీ బెల్టునందును చూపుదము.