రోజ్‌నామ్చా అమానత్, తాళం జాగ్రత్త

మాసబ్ ట్యాంక్ నుంచి అమీర్‌పేట కోచింగులకు వెళ్లే మన పిల్లలు లినక్స్ కమాండ్లు బాగానే నేర్చుకుంటున్నారు. కానీ లాగ్ ఫైల్ అంటే సర్వర్ రోజ్‌నామ్చా అనీ, రేపు ఏదైనా జరిగితే గవాహీ చెప్పేది అదేననీ ఎంతమందికి చెబుతున్నారు?

లాగ్ రాసే ప్రోగ్రామ్ ముందు ‘ఫైల్ ఉందా?’ అని చూస్తుంది, లేకపోతే తయారు చేస్తుంది. ఆ రెండు పనుల మధ్య ఒక్క లమ్హా ఖాళీ. ఆ లమ్హాలో దొంగ అదే పేరుతో సింలింక్ పెడితే, రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రామ్ వాడు చూపించిన ఫైల్‌లో రాస్తుంది. దీనికి దగ్గరి ముప్పే 2016లో డెబియన్, ఉబుంటుల ఎన్‌జిన్‌ఎక్స్ ప్యాకేజీలో బయటపడింది. లాగ్ డైరెక్టరీ వెబ్ సర్వర్ యూజర్ చేతిలో ఉండటంతో, లాగ్ స్థానంలో సింలింక్ పెట్టి రూట్ దాకా ఎక్కే దారి దొరికింది.

ఇలాజ్ కష్టమేం కాదు. చూడటం, తయారు చేయడం ఒకే సిస్టమ్ కాల్‌లో జరగాలి. ఓ_క్రియాట్, ఓ_ఎక్స్‌క్ల్ కలిపి ఇస్తే, ఆ పేరు అప్పటికే ఉన్నప్పుడు, అది సింలింకైనా సరే, కర్నెల్ ఒప్పుకోదు. అన్నిటికంటే ముందు ఆ డైరెక్టరీ తాళం రూట్ దగ్గరే ఉండాలి.

వాలిదైన్‌కు నా గుజారిష్ ఒకటే: ఫీజు కట్టేముందు సర్టిఫికెట్ సంగతే కాదు, ఇది నేర్పుతారా అని కూడా అడగండి. అమానత్‌లో ఖయానత్‌కు ఒక్క లమ్హా చాలు.