కట్టు ముందు, కత్తి వెనుక



గడచిన వేసవిలో మా పెద్దవదినగారు ఎ.కొండూరులోని మా యింటికి వచ్చిరి. మూడు దినములు చీర కుచ్చెళ్లు నేల జీరాడునట్లు కట్టుకొని తిరిగిరి. నాలుగవనాడు స్నానవేళ సంగతి మా కంటబడినది. ఎడమకాలు బోదకాలు. పదునైదేండ్లుగా దాచుచున్నారట! శస్త్రము చేయించుకొని ఒక్కనాటితో పీడ వదలించుకొందమని వచ్చిరి. వైద్యులు పరీక్షించి, కొన్ని వారములు కాలికి కట్టు కట్టుకొని వాపు తగ్గించుకొనిన పిమ్మటనే శస్త్రము మాట యనిరి. "ఒక గుడ్డపట్టీకొరకా ఇంతదూరము వచ్చితిని?" అని వదినగారు కంట తడి పెట్టిరి.

ఆ గుడ్డ చేయు పని తెలిసిన నింత చింత యుండదు. దోమకాటువలన దేహమున జేరిన బోదపురుగులు రసనాళములను చెరచును. అంతట రసము పైకి పోలేక కాలిలోనే నిలిచిపోవును. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో 1947లో వెలికిదెచ్చిన డైఇథైల్‌కార్బమజైన్ రక్తములోని పురుగుపిల్లలను చంపును. కాని ముదిరిన వాపును అది తీయజాలదు.

బొటనవ్రేలితో నొక్కినచో గుంటపడు వాపు నీటిపాలు. దానిని కట్టు తీయగలదు. పిదప మిగులు కొవ్వును, గట్టిపడిన కండయును కత్తిపాలు. నీరు నిండిన కాలిని కోసిన గాయము త్వరగా మానదు, చీము పట్టు భయము కలదు.

కట్టు వైద్యశాలలో నేర్చుకొనియే కట్టవలెను. కాలు కడిగి, వ్రేళ్లసందులు తడియార్చి, ఉదయము మంచము దిగకముందే కట్టవలెను. దూదిపొరపై వ్రేళ్లమొదలునుండి పైకి, చీలమండయొద్ద బిగువుగా, పైకి పోను పోను వదులుగా చుట్టవలెను. పిదప నడవవలెను. పిక్కకండ కట్టుకు ఒత్తుకొని రసమును పైకి త్రోయును.

ఒకనాడు మేము తొందరలో మోకాలిక్రింద బిగించితిమి. గడియలో వ్రేళ్లు నీలమై తిమ్మిరెక్కెను. వెంటనే విప్పుటచే రంగు మరలినది. ఆ తప్పు మాదే.

మధుమేహముచే కాలి రక్తనాళములు మూసికొనినవారును, గుండెజబ్బు గలవారును, జ్వరముతో కాలు ఎఱ్ఱబడి వేడెక్కినవారును వైద్యుని యనుమతి లేక కట్టరాదు. రెండు కాళ్లును వాచినచో మరింత జాగ్రత్త వలయును. మా మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి పలువురిని పీడించుచున్నది. అట్టి వాపునకు ముందుగా కావలసినది రక్తమూత్ర పరీక్షయే గాని గుడ్డ కాదు.

ఆరు వారములకు వదినగారి చీలమండ చుట్టుకొలత రెండంగుళములు తగ్గినది. శస్త్రము ఇంకను కాలేదు. అయినను అదియైన పిదప సైతము కట్టు విడువరాదని వారికిప్పుడు తెలియును. ఊరికి బయలుదేరునాడు కుచ్చెళ్లు జానెడు పైకి దోపి, కట్టు కనబడుచుండగనే బస్సెక్కిరి. మేము వేరేమియు అడుగలేదు.