డబ్లిన్ బారిస్టరు, పల్నాడు పుల్లరి
ఉన్నవ లక్ష్మీనారాయణ పేరెత్తితే ‘మాలపల్లి’ అనేసి ఊరుకుంటాం. ఆ నవల వెనకున్న వకీలును మరిచిపోతున్నామని నా బాధ. అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో 1877లో పుట్టిన ఆయన బారిస్టరు చదువుకు డబ్లిన్ వెళ్లారు. 1916లో ఆ నగరం బ్రిటిష్ పాలనపై ఈస్టర్ తిరుగుబాటుతో భగ్గుమంది. ఆ చదువుతో వచ్చిన మనిషి నల్లగౌను తొడుక్కుని హాయిగా సంపాదించుకోవచ్చు. ఆయన మాత్రం పల్నాడు పుల్లరి పోరులో దిగి జైలుకెళ్లారు. పుల్లరి అంటే అడవిలో గడ్డి మేసినందుకు గొడ్డుకింత అని సర్కారుకు కట్టాల్సిన పన్ను. వానలు ముఖం చాటేసి, చేలో పరక మొలవని ఏడు, డొక్కలెండిన గేదెను నల్లమల అంచుకు తోలుకుపోయే రైతు మొలలో ఆ డబ్బులెక్కడివి? మా వినుకొండ వైపు గొడ్లు కాసినవాళ్లనడిగితే ఆ కష్టం చెబుతారు. ఆ పోరును ముందుండి నడిపిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుళ్లకు నేలకొరిగాడు. ఆ రోజుల్లోనే ఉన్నవ రాయవెల్లూరు జైల్లో కూర్చుని మాలపల్లి రాశారు, సర్కారు నిషేధించింది. అంటరానితనంపై గొంతెత్తిన కవి జాషువా పుట్టిన గడ్డ మాది. అంటరానివాళ్లన్న జనం బతుకును నవలకెక్కించిన ఈ పెద్దాయన కథను కూడా మా బడిపిల్లలకు పూర్తిగా చెప్పాలి, డబ్లిన్ నుంచి రాయవెల్లూరు జైలు దాకా.