ఆనందరాయరు మాట నమ్మదగునా?

ఈ సంవత్సరము వేదపాఠపు తరగతిలో, ముద్రితమైన మొదటి తెలుగు సువార్తలను వ్రాసినదెవరని మేమడుగగా, పిల్లలందఱును క్రాన్, డెగ్రాంజెస్ అను నిద్దఱు దొరల పేర్లు చెప్పిరి. దివిసీమనుండి వచ్చి వసతిగృహమున నుండు బాలుడొకడు మాత్రము లేచి, "అయ్యా, వారియొద్ద ఆనందరాయరను బ్రాహ్మణుడుండెనని మా తాతగారు చెప్పిరి. ఆయన పేరేల చెప్పరు?" అనెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదని యొప్పుకొనుటకు సిగ్గుపడము.

ఈ సంగతి విని గుడివాడనుండి వచ్చిన తండ్రిగారొకరు, అది మిషనరీలు కల్పించిన కథ కావచ్చుననిరి. మఱియొకరు, బ్రాహ్మణుడు గనుక ఆయన తెలుగు తప్పక శ్రేష్ఠమై యుండుననిరి. రెండును మాకు సమ్మతములు కావు. పుట్టుకనుబట్టి వ్రాతకు వెలకట్టుట మన సంఘములలో నింకను పోలేదు గనుక, ఈ రెండవ మాట మాకెక్కువ నొప్పి కలిగించెను.

లండన్ మిషనరీ సంఘమువారగు ఆ యిద్దఱు దొరలు 1805లో విశాఖపట్టణము చేరిరి. 1809లో క్రాన్ దొరయు, 1810లో డెగ్రాంజెస్ దొరయు గతించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. ఇక్కడ కొంచెము నిలిచి యాలోచింపవలెను. పెద్దవారై మన దేశమునకు వచ్చిన పరభాషీయులు నాలుగైదేండ్లలో మూడు సువార్తలకు సరిపడు తెలుగు వాక్యమును తామే కూర్చిరనుట, తెలుగు పాఠము చెప్పు మాకు నమ్మశక్యముగా లేదు. పక్కన నొక తెలుగెఱిగిన చేయి ఉండియుండవలెను.

ఆ చేయి ఆనందరాయరుదని చెప్పునది ఎవరు? ముఖ్యముగా మిషనరీల లేఖలే. ఆయన టిప్పు సుల్తాను సేనలో లెక్కలు వ్రాసెననియు, ముక్తిగోరి మంత్రమును లక్షలకొలది పర్యాయములు జపించెననియు, పిమ్మట క్రీస్తును నమ్మెననియు అందున్నది. కొలువు సంగతి కల్పించుటవలన నెవరికిని లాభములేదు; దానిని మేము నమ్ముదుము. జపసంఖ్యను మాత్రము, సంతోషముతో నున్నవారు ఇంగ్లీషున వ్రాసి పంపిన మాటగా గ్రహింతుము. మఱియొక సాక్షి కలడు. కంపెనీ పాదిరియై, ఆ సంఘమునకు చెందని క్లాడియస్ బుకానన్, 1811లో ప్రకటించిన గ్రంథమున ఆనందరాయరు పేరు చెప్పెను. కావున మనిషి కల్పితుడు కాడు.

అనువాదము నమ్మదగినదా యనునది వేఱు ప్రశ్న. కొలది యేండ్లలోనే శ్రీరామపురమువారు క్రొత్తనిబంధనమును వేఱుగా తెలిగించిరి. విశాఖపట్టణపు ప్రిచ్చెట్ దొరయు నట్లే చేసెను. తరువాత సవరణలు ఆగలేదు. ఇది మొదటివాని తప్పుకు రుజువని కొందఱందురు. అట్లయిన తరువాతివారందఱును తప్పుచేసినవారే! అంతకు చాలముందు చెన్నపట్టణమున షుల్జ్ అను జర్మనీ పాదిరి శ్రమపడి వ్రాసిన తెలుగు అనువాదము అచ్చునకే నోచుకొనలేదు. అచ్చుపడి పరుల దిద్దుబాటుకు లోబడుట ఒక భాగ్యమని మా తలంపు.

పిల్లవాడు గత వారము వ్యాసము తెచ్చెను. దొరల పేర్లకు ముందు ఆనందరాయరు పేరు పెద్ద అక్షరములతో నుండెను. మేము దానిని కొట్టివేయలేదు, "ఏ యాధారముచే ముందు వ్రాసితివి?" అని పుట అంచున వ్రాసి యిచ్చితిమి. వాడింకను ప్రత్యుత్తరము తేలేదు.