నవ్వండి, కానీ తాడు లాగి చూడండి

"కాపెల్‌లో స్నోబ్లోయరా?" అని నవ్వని తెలుగువాడు లేడు. మిషిగన్ నుంచి తెచ్చుకున్నాను లెండి. నిజమే, డాలస్ మంచుకు పార చాలు.

కానీ 2021 ఫిబ్రవరిలో చలి సున్నా ఫారన్‌హీట్ కిందకు దిగి, కరెంటు పోయిన రాత్రి, ఎదురింటి జనరేటరు తాడు నలుగురం లాగాం. పలకలేదు. లోపల చంటిపిల్ల వణుకుతోంది. కొన్ననాటి గ్యాసు అందులోనే ఉంది! ఇథనాల్ కలిసిన గ్యాసు నెలల తరబడి నిలవుంటే కార్బురేటర్లో జిగురు కడుతుంది.

నా పాత యంత్రానికి ఏటా మార్చిలో ట్యాంకు ఖాళీ చేస్తాను, ఆయిల్ మారుస్తాను. నవంబరులో కొత్త గ్యాసు పోసి నడిపి చూస్తాను. దసరాకి కుంకుమ బొట్టు పెట్టి ఊరుకుంటే ఏ యంత్రమూ కరుణించదు.

స్నోబ్లోయర్ అక్కర్లేదంటే ఒప్పుకుంటాను. ఆ అలవాటు అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాళ్ళా నన్ను చూసి నవ్వేది?