తలుపు తీస్తే కెమెరా!

నల్లటి ప్లాస్టిక్ డబ్బా. చేతిలోకి తీసుకుంటే ప్రయాణాల్లో వాడే సబ్బుపెట్టెలా ఉంటుంది. ముందున్న తలుపుని పక్కకి జరిపితే లెన్సు, దానిపైన వ్యూఫైండర్ కిటికీ బయటపడతాయి. మూసేస్తే మళ్లీ డబ్బానే. పొడవు 102 మిల్లీమీటర్లు, బరువు 225 గ్రాములు. చొక్కా జేబుకి కాస్త భారమేగానీ ప్యాంటు జేబులో ఇట్టే ఇమిడిపోతుంది. పేరు ఒలింపస్ ఎక్స్ఏ. 1979లో జపాన్‌లో పుట్టిన ఫిల్మ్ కెమెరా. చూడ్డానికి బొమ్మలా ఉన్నా నిఖార్సయిన రేంజ్‌ఫైండర్!

ఈ తలుపు వెనక ఒక మనిషి మొండితనం ఉంది. ఆయన యోషిహిసా మైతానీ. 1956లో ఒలింపస్‌లో ఇంజినీరుగా చేరాడు. అప్పటికే లైకాతో ఫొటోలు తీసే అలవాటుంది. కానీ లైకా కొనడం అందరివల్లా అయ్యే పనా? అందుకే 1959లో ఆరువేల యెన్‌లకే దొరికే 'పెన్' అనే కెమెరా తయారుచేశాడు. ఒక్కో ఫ్రేముని రెండుగా పంచి, 36 ఫొటోల రీల్లో 72 తీసుకోవచ్చన్నాడు. ఆ తరవాత 1972లో ఎస్ఎల్ఆర్‌ల వంతు. అవి ఇటుకల్లా బరువుగా ఉన్న రోజుల్లో ఓఎం-1తో వాటి ఒళ్లు తగ్గించాడు. ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. మంచి కెమెరా ఉన్నవాళ్లు కూడా తీరా ఫొటో తీయాల్సిన క్షణంలో ఎందుకు తీయలేకపోతున్నారు? ఎందుకంటే... కెమెరా ఇంట్లో బీరువాలో ఉంది కాబట్టి!

బీరువాలోంచి జేబులోకి రావాలంటే తోలు సంచీ ఉండకూడదు. మూత ఉండకూడదు. మూత సంగతి రేంజ్‌ఫైండర్లు వాడినవాళ్లని అడగాలి. వీటిలో మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్క కిటికీలోంచి. లెన్సుకి మూత ఉండిపోయినా లోకం అందంగానే కనిపిస్తుంది. రీలంతా కడిగించాక తెలుస్తుంది అసలు సంగతి. ఎక్స్ఏలో ఆ భయం లేదు. తలుపు మూసుంటే కిటికీ కూడా మూసుకుపోతుంది, షట్టరు పడదు.

రీలు డబ్బా సైజుని ఎవరూ తగ్గించలేరు. అందుకని మైతానీ బృందం మిగతా అన్నిటినీ దాని చుట్టూ సర్దింది. ఫోకస్ మార్చేటప్పుడు లెన్సు ముందుకి పొడుచుకురాదు, లోపలి గాజుముక్క మాత్రమే కదులుతుంది. షట్టర్ మీట బదులు ఎర్రటి చదునైన బటన్ పెట్టారు. నొక్కక్కర్లేదు, తాకితే చాలు. ఈ సుఖంలో చిన్న ఇబ్బంది కూడా ఉంది. కొత్తగా కొన్నవాళ్ల మొదటి రీల్లో సొంత చెప్పుల ఫొటోలు ఒకటో రెండో ఉండటం ఖాయం.

ఇంతకీ రేంజ్‌ఫైండర్ అంటే ఏమిటి? ఒక కన్ను మూసుకుని సూదిలోకి దారం ఎక్కించి చూడండి. దారం సూది పక్కనుంచి పోతుంది. రెండు కళ్లు రెండు చోట్లనుంచి చూస్తేనే దూరం సరిగ్గా తెలిసేది. ఈ కెమెరాకీ అలాగే రెండు కిటికీలు. రెంటిలోంచి వచ్చిన బొమ్మలూ వ్యూఫైండర్ మధ్యలోని చిన్న మచ్చలో ఒకదానిమీద ఒకటి పడతాయి. ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ కళ్లద్దాల అంచు రెండుగా కనిపిస్తోందా? లెన్సు కిందున్న చిన్న మీటని జరపండి. రెండంచులూ ఒకటైన చోట ఆపండి. ఫోకస్ కుదిరినట్టే.

అయితే ఎక్స్ఏ చిన్నది కాబట్టి ఆ రెండు కిటికీల మధ్య ఎడమా చిన్నదే. మీటరులోపు దూరంలో, ఎపర్చర్‌ని 2.8 దాకా తెరిచి తీస్తే గురి కాస్త అటూఇటూ అవుతుంది. అయినా ఆ మీట మన చేతిలో ఉండటమే దీని గొప్ప. 1980లో వచ్చిన ఎక్స్ఏ2లో ఈ పద్ధతి తీసేసి దగ్గర, మధ్య, దూరం అంటూ మూడు గుర్తులు పెట్టేశారు. నడుస్తూ నడుస్తూ తీసేవాళ్లకి నిజానికి అదే సులువు. కానీ ఎంత దూరంలో ఫోకస్ చెయ్యాలో, ఎపర్చర్ ఎంత తెరవాలో తామే తేల్చుకోవాలనుకునేవాళ్లకి ఎక్స్ఏనే కావాలి. షట్టర్ వేగం ఒక్కటే కెమెరా చూసుకుంటుంది. అది ఎంతో వ్యూఫైండర్‌లోని ముల్లు చెబుతుంది.

మైతానీ ఒక చిట్కా కూడా కెమెరా మీదే రాసిపెట్టాడు. ఎపర్చర్‌లో 5.6కి, దూరంలో మూడు మీటర్లకి నారింజ రంగు వేశాడు. రెండూ అక్కడ పెట్టుకుంటే సుమారు రెండు మీటర్లనుంచి అయిదు మీటర్లదాకా అంతా స్పష్టంగా వస్తుంది. మచ్చ చూడక్కర్లేదు, తలుపు తీసి తాకడమే. ఆ మెత్తటి చప్పుడు పక్కవాడికి కూడా వినపడదు. కెమెరా చూడగానే అటెన్షన్‌లో నిలబడిపోయే పెద్దవాళ్లని మామూలుగా ఉండగా తీయాలంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడే మన ఎండ అడ్డుపడుతుంది. ఈ నారింజ చిట్కా నీడపట్టున, మబ్బువేళ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెంటచింతల ఎండలో 400 ఐఎస్ఓ రీలు వేసి 5.6 దగ్గర తీస్తే మాత్రం షట్టరు సెకనులో మూడువేలో వంతు వేగంతో పడాలి. ఎక్స్ఏ పరుగు 500 దగ్గరే ఆగిపోతుంది. ఫలితం... తెల్లగా పాలిపోయిన బొమ్మలు. అందుకని ఎండాకాలం 200 రీలు వేసుకుని ఎపర్చర్‌ని 11కి తేవడం మంచిది. దాంతో ఇంకో లాభం కూడా ఉంది. మూడు మీటర్ల దగ్గరే ఉంచినా ఒకటిముప్పావు మీటర్లనుంచి పదిహేను మీటర్లదాకా ఫోకస్‌లో ఉంటాయి. ఎండ పడ్డ సున్నపు గోడ ముందు నిలబడ్డ మనిషి మొహం నల్లబడకుండా ఉండాలంటే కెమెరా అడుగున ఇంకో మీట ఉంది. దాన్ని +1.5 దగ్గరికి జరిపితే వెలుతురు కాస్త ఎక్కువ తీసుకుంటుంది.

ఖర్చు మాట చెప్పుకోకపోతే అన్యాయం. రంగుల రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటడం మామూలే. వెయ్యే అనుకున్నా ఒక్కో బొమ్మకి ముప్ఫైకి దగ్గర. బ్యాటరీల విషయంలో మాత్రం ఎక్స్ఏ యజమాని అదృష్టవంతుడు. కానన్ కానొనెట్, యాషికా ఎలక్ట్రో లాంటి పాత రేంజ్‌ఫైండర్లు పాదరసం బ్యాటరీల కోసం చేసినవి. అవి ఇప్పుడు తయారుకావు, ఏవో సర్దుబాట్లు చేసుకోవాల్సిందే. ఎక్స్ఏకి రెండు ఎల్ఆర్44లు చాలు, గడియారాల కొట్లో దొరుకుతాయి. సిల్వర్ ఆక్సైడ్‌వి, అంటే ఎస్ఆర్44లు వేస్తే ఇంకా మేలు. చివరిదాకా వోల్టేజి నిలకడగా ఉంటుంది.

కానీ అసలు కష్టం కూడా అక్కడే. బ్యాటరీ లేకపోతే కానొనెట్ షట్టరు యథాప్రకారం పడుతుంది, వెలుతురు లెక్క మనం వేసుకుంటే సరి. ఎక్స్ఏ ఒక్క ఫొటో కూడా తీయదు. లోపలున్న సర్క్యూటు చెడిపోయిందంటే కథ ముగిసినట్టే. చేసిన కంపెనీయే 2021లో కెమెరాల వ్యాపారంలోంచి తప్పుకుంది. మైతానీ 2009లో కన్నుమూశాడు. విడిభాగం కావాలంటే ఇంకో పాడైపోయిన ఎక్స్ఏలోంచి పీకాలి. అంటే ఉన్నవి ఏటా తగ్గుతాయేగానీ పెరగవు.

అలాగని అద్దాల బీరువాలో దాచుకోవడం దండగ. బీరువాలో కూర్చున్నా సర్క్యూటు పాతబడటం మానదు. పైగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మూలన పడేస్తే లెన్సుకి బూజు పడుతుంది. వాడుకోవాలి. వాడనప్పుడు బ్యాటరీలు తీసేసి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. విమానం ఎక్కేటప్పుడు రీళ్లని విడిగా చూడమని అడగాలి. కొత్తరకం సీటీ స్కానర్లు వాటిని పాడుచేస్తాయి.

కొనేముందు బ్యాటరీలు వేసి, అడుగు మీటని 'చెక్' దగ్గరికి జరపండి, బీప్ మనాలి. దూరంగా ఉన్న సెల్ టవర్ని చూడండి. దూరం మీటని చివరిదాకా తిప్పినప్పుడు మచ్చలో టవరు ఒక్కటిగానే కనపడాలి. వెనక తలుపు తీసి అంచుల్లోని నల్లటి స్పాంజిని వేలితో తాకండి. జిగురులా అంటుకుంటే అది పాడైనట్టు, రీల్లోకి వెలుతురు దూరుతుంది. కొత్త స్పాంజి పట్టీ అంటించడం పెద్ద పనేం కాదు కాబట్టి దాన్ని చూపించి ధర తగ్గించమనొచ్చు. ఇవన్నీ సరిపోయినా సరే, మొదటి రీలుని మాత్రం ఎవరి పెళ్లికీ తీసుకెళ్లకండి.